రబ్బరు బంతితో వాచీ వెనక మూత: ఎప్పుడు తిరుగుతుంది, ఎందుకు తిరగదు?

వాచీలో సెల్ మార్చాలన్నా, లోపల చేరిన తేమ తుడవాలన్నా, ముందుకు పరుగెడుతున్న ఆటోమేటిక్ వాచీని దారిలో పెట్టాలన్నా ముందుగా వెనక మూత ఊడి రావాలి. ఇందుకోసం రెంచీలు, చాకులు, బల్లకు బిగించే పెద్ద ఓపెనర్లు ఉన్నాయి. వాటి సరసనే అరచేతిలో ఇమిడే మెత్తటి రబ్బరు బంతి కూడా ఒకటి ఉంటుంది. ముట్టుకుంటే వేళ్లకు కొంచెం అతుక్కుంటుంది. దాన్ని మూత మీద ఆనించి, గట్టిగా అదిమి, గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిప్పుతారు. కలిసొస్తే మూత బంతితోపాటే తిరిగి వదులవుతుంది. లోహం మీద ఒక్క గీత కూడా పడదు.

కలిసిరాకపోతే బంతి మూత మీద జారుతూ ఉంటుంది, మణికట్టు నొప్పి పుడుతుంది. అందుకే దీని గురించి వినబడే మాటలు ఒకదానికొకటి పొసగవు. ఇంతకన్నా మంచి పనిముట్టు లేదని కొందరు, ఉత్త ఆటబొమ్మ అని ఇంకొందరు. రెండు పక్షాలవాళ్లూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వాళ్ల చేతిలో ఉన్న వాచీలు వేరు. ఒక హద్దు దాటితే బంతి జారిపోతుంది. వాచీకి దెబ్బ తగలకుండా కాపాడేది ఆ జారుడే, పని కానివ్వనిదీ ఆ జారుడే. ఆ హద్దు ఎక్కడుందో తెలిస్తే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

తిరిగే మూత, తిరగని మూత

బంతి చేయగలిగిన పని ఒక్కటే, తిప్పడం. కాబట్టి మూత అసలు తిరిగే రకమా కాదా అన్నది మొదటి ప్రశ్న.

నొక్కి బిగించే మూతకు మరలు ఉండవు. దాని అంచున ఉన్న సన్నని గట్టు కేసు గాడిలోకి టక్కుమని కూర్చుంటుంది. అంచు చుట్టూ జాగ్రత్తగా చూస్తే ఎక్కడో ఒకచోట గోరు పట్టేంత సందు కనిపిస్తుంది. అక్కడ చాకు మొన పెట్టి పైకి లేపాలి. దీని మీద బంతిని ఎంతసేపు తిప్పినా ఫలితం ఉండదు. నాలుగు మూలలా స్క్రూలు ఉన్న మూతలదీ అదే కథ. 1989లో వచ్చిన కాసియో ఎఫ్-91డబ్ల్యూ అలాంటిదే. దానికి చిన్న స్క్రూడ్రైవర్ చాలు.

బంతికి పని దొరికేది మర మూత దగ్గరే. దీనికి అంచు మీదే మరలు ఉంటాయి, సీసా మూతలాగా మొత్తం తిరిగి కేసులో బిగుస్తుంది. 1926లో వచ్చిన రోలెక్స్ ఆయిస్టర్ ఇలా మరలతో మూసే కేసుకు పేరు తెచ్చింది. మర మూత మీద సాధారణంగా సమాన దూరంలో చిన్న చిన్న గాట్లు ఉంటాయి, రోలెక్స్ లాంటి వాటిలో అంచు చుట్టూ సన్నని పళ్లు ఉంటాయి. ఆ గాట్లలో పిన్నులు దిగేసి తిప్పే మూడు కాళ్ల రెంచీని జాక్సా రెంచీ అంటారు. పళ్లున్న మూతలకు అదే కొలతలో పళ్లున్న అచ్చు కావాలి.

మరలు ఉన్నంత మాత్రాన బంతి పనిచేస్తుందని కూడా చెప్పలేం. 1967లో సోవియట్ యూనియన్‌లో తయారైన వోస్టోక్ ఆంఫీబియా దీనికి చక్కని ఉదాహరణ. దాని వెనక కనిపించే బల్లపరుపు పళ్లెం అసలు తిరగదు. దాని చుట్టూ ఉన్న మరల రింగే తిరుగుతూ పళ్లెన్ని లోపలికి నొక్కి పెడుతుంది. పళ్లెం తిరగకుండా కేసులోని గాడి ఆపుతుంది. బంతిని మధ్యలో పెట్టి తిప్పేవాడు తిరగకూడని భాగంతో కుస్తీ పడుతున్నట్టే. ఇక వెనక నుంచి తెరుచుకోని వాచీలు కూడా ఉన్నాయి. సీకో 1975లో తెచ్చిన, నీళ్లలో 600 మీటర్ల లోతును తట్టుకునే డైవర్ వాచీకి కేసు మొత్తం ఒకే ముక్క. యంత్రాన్ని ముందువైపు, అద్దం తీసి, బయటికి తీస్తారు.

బంతి పనిచేయలేదన్న ఫిర్యాదు విన్నప్పుడు ముందుగా అడగాల్సింది ఇదే: అది తిరిగే మూతేనా?

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

రెంచీ పిన్ను గాటు గోడను నెడుతుంది, అది లోహం మీద లోహం బలం. బంతికి అలాంటి ఆధారమేదీ లేదు. రాపిడి ఒక్కటే దాని బలం.

రెండు లోహపు ముక్కలు ఒకదానిమీద ఒకటి ఆనినప్పుడు, నిజంగా తాకేవి కొన్ని ఎత్తైన కొనలు మాత్రమే. కంటికి నున్నగా కనిపించే ఉపరితలం కూడా దగ్గరగా చూస్తే గుట్టలు, లోయలే. మెత్తటి రబ్బరు మాత్రం ఆ లోయల్లోకి కూడా దిగిపోతుంది. తాకే చోటు ఎక్కువ కాబట్టి పట్టూ ఎక్కువ. జిగట ఉంటే ఆ పట్టు ఇంకాస్త పెరుగుతుంది.

ఎంత పట్టు ఉందో చెప్పడానికి రాపిడి గుణకం అనే సంఖ్య వాడతారు. 10 న్యూటన్ల బలంతో అదిమినప్పుడు పక్కకు జరపడానికి 10 న్యూటన్లు కావాల్సి వస్తే గుణకం 1. ఒక న్యూటన్ అంటే సుమారు 100 గ్రాముల బరువు. శుభ్రమైన పొడి లోహం మీద మెత్తటి రబ్బరుకు ఈ గుణకం 1 దగ్గర, ఒక్కోసారి అంతకన్నా పైనే ఉంటుంది. నూనె పొర ఉంటే బాగా పడిపోతుంది.

తిప్పే పనికి బలం ఒక్కటే చాలదు, ఆ బలం మధ్యబిందువుకు ఎంత దూరంలో పనిచేస్తోందో కూడా చూడాలి. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేదే టార్క్. కొలత న్యూటన్ మీటర్. మూత తిరగాలంటే బంతి ఇచ్చే టార్క్, మూతను పట్టి ఉంచిన టార్క్ కన్నా ఎక్కువ కావాలి.

ఒక మూత మీద లెక్క

లెక్క తేలిగ్గా ఉండేలా కొన్ని అంకెలు తీసుకుందాం. అరచేత్తో 60 న్యూటన్లు, అంటే సుమారు 6 కిలోల బరువు పెట్టినట్టు, బంతిని అదిమాం. బంతి మూతను 14 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో తాకుతోంది. రాపిడి గుణకం 1. గుండ్రటి తాకుడు అంతటా ఒత్తిడి సమానంగా ఉందనుకుంటే సగటు దూరం వ్యాసార్ధంలో మూడింట రెండు వంతులు అవుతుంది. అంటే బంతి ఇచ్చే టార్క్: 60 × 1 × 0.014 × 2/3 = 0.56 న్యూటన్ మీటర్లు.

చాలామంది లెక్కలోకి తీసుకోని ఖర్చు ఒకటి ఇక్కడ ఉంది. మనం అదిమిన బలం మూతను కేసు గట్టు మీదికి నొక్కుతుంది. అక్కడ లోహం మీద లోహం రాపిడి పెరుగుతుంది. మొత్తం 60 న్యూటన్లూ ఆ గట్టు మీదే పడ్డాయని, అక్కడ గుణకం 0.15 అని, గట్టు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో ఉందని అనుకుంటే, అదమడం వల్ల కొత్తగా వచ్చిన అడ్డు: 60 × 0.15 × 0.016 = 0.144. చేతికి మిగిలింది సుమారు 0.42 న్యూటన్ మీటర్లు.

ఇప్పుడు అదే మూత మీద చర్మపు జిడ్డు పొర ఉండి, గుణకం 0.4కి పడిపోయిందనుకుందాం. బంతి ఇచ్చేది 0.224 మాత్రమే. గట్టు తినేసే 0.144 మాత్రం మారదు. మిగిలింది 0.08. పట్టు రెండున్నర రెట్లు తగ్గితే, పనికొచ్చే టార్క్ ఐదు రెట్లు తగ్గింది. మూతనూ బంతినీ సబ్బు నీళ్లతోనో స్పిరిట్ తడిపిన గుడ్డతోనో శుభ్రం చేశాక, అంతకుముందు కదలని మూత సులువుగా తిరిగిందని చెప్పేవాళ్లు అతిశయోక్తి చెప్పడం లేదు. దుమ్ము పట్టిన బంతి కూడా ఇంతే, కడిగి ఆరబెడితే జిగట చాలావరకు తిరిగి వస్తుంది.

పోలిక కోసం రెంచీని చూద్దాం. 8 సెంటీమీటర్ల పిడి రెండు కొసల మీద చెరో 30 న్యూటన్లు ఎదురెదురు దిశల్లో వేస్తే 30 × 0.08 = 2.4 న్యూటన్ మీటర్లు. బంతి శ్రమపడి ఇచ్చిన 0.42కి దాదాపు ఆరు రెట్లు, అదీ పెద్ద కష్టం లేకుండానే. మూత 1 న్యూటన్ మీటర్ దగ్గర వదిలే రకమైతే రెంచీకి అది సమస్యే కాదు. మన లెక్కలోని బంతి మాత్రం దాన్ని ఎప్పటికీ తిప్పలేదు.

ఇంకా గట్టిగా అదిమితే?

సహజంగా అందరికీ తట్టేది ఇదే. కొంతవరకు నిజం కూడా. నిండు రబ్బరు బంతిని మెల్లగా ఆనిస్తే చిన్న రూపాయి బిళ్లంత చోట తాకుతుంది, అదిమేకొద్దీ ఆ గుండ్రం విస్తరిస్తుంది. తాకే చోటు పెరుగుతుంది, మధ్య నుంచి దూరమూ పెరుగుతుంది, కాబట్టి టార్క్ బాగానే పెరుగుతుంది. గాలి నింపే రకం బంతిలో కూడా జరిగేది ఇలాంటిదే. గాలి కాస్త తగ్గించి మెత్తగా ఉంచితే అదే బలానికి ఎక్కువ చోటు తాకుతుంది.

అయితే ఆ గుండ్రం మూత అంచుకు చేరాక కథ మారుతుంది. ఇక విస్తరించడానికి మూత లేదు. మెత్తటి రబ్బరు అప్పటికే లోయల్లోకి దిగి, తాకగలిగినంత చోటూ దాదాపు తాకేసి ఉంటుంది. ఇంకా అదిమితే పట్టు పెద్దగా పెరగదు, గట్టు మీద రాపిడి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పైగా రబ్బరు మూత దాటి పక్కనున్న కేసును కూడా పట్టుకుంటుంది. అప్పుడు బంతి మూతనూ కేసునూ కలిపి తిప్పుతోందన్నమాట, వాచీ మొత్తం చేతిలో గిర్రున తిరుగుతుంది. బలం చాలక మూత రాలేదని అనుకుంటాం గానీ, నిజానికి బలం తప్పుడు చోటికి పోతోంది.

చిన్న వాచీలు బంతికి లొంగకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. రబ్బరు మూత అంతటా పరుచుకున్న స్థితిలో టార్క్ వ్యాసార్ధం ఘనంతో పెరుగుతుంది. 36 మిల్లీమీటర్ల మూత బదులు 18 మిల్లీమీటర్ల మూత వస్తే వ్యాసార్ధం సగం, పట్టు మాత్రం ఎనిమిదో వంతు.

మూత బిగుసుకుపోవడం అంటే ఏమిటి?

లెక్కలో ఒక పక్క బంతి ఉంటే, రెండో పక్క మూత మొండితనం ఉంది. అది వాచీకి వాచీకి ఎంతో తేడాగా ఉంటుంది.

నీళ్లు లోపలికి పోకుండా మూత కింద గ్యాస్కెట్ అనే రబ్బరు రింగు ఉంటుంది. కొత్తగా, గ్రీజు పూసి ఉన్నప్పుడు అది మెత్తగా నలుగుతుంది, తేలిగ్గా జరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. బాగా పాత వాచీల్లో కరిగి, తారులా మారి, మూతను కేసుకు అంటించేస్తుంది కూడా. చెమటలోని ఉప్పు, చర్మపు మట్టి మరల సందుల్లో చేరి గట్టి పెచ్చుగా కడతాయి. వెనక మూత మీద స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్ అని మాత్రమే రాసి ఉందంటే మూత ఒక్కటే స్టీలు, కేసు పూత పూసిన ఇత్తడో మరొకటో అయి ఉంటుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు చెమ్మ చేరితే తక్కువ స్థాయి లోహం వేగంగా తుప్పు పడుతుంది, మరలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. టైటానియం మరలకు ఇంకో జబ్బు ఉంది: రాసుకుంటూ రాసుకుంటూ ఒకదానికొకటి పట్టేస్తాయి.

మరోవైపు, ఈమధ్యే ఎవరో తెరిచి, కొత్త గ్యాస్కెట్ వేసి, మామూలు బిగుతుతో మూసిన వాచీ ఉందనుకోండి. దాని మూత బంతికి ఇట్టే వచ్చేస్తుంది. ఒకసారి కదిలిన మూతకు ఆ తరవాత చాలా తక్కువ టార్క్ సరిపోతుంది, ఎందుకంటే ఆగి ఉన్న వస్తువును కదలనివ్వని రాపిడి, కదులుతున్నదాన్ని ఆపే రాపిడి కన్నా ఎక్కువ. రెంచీతో మొదటి పావు చుట్టు తిప్పి, మిగతాదంతా బంతితో తీసేవాళ్లు వాడుకునేది ఈ తేడానే. పిన్నులు గాట్లలో ఉండే సమయం తగ్గుతుంది, జారి గీత పడే అవకాశం కూడా తగ్గుతుంది. నా దృష్టిలో బంతికి ఇంతకన్నా తెలివైన వాడకం లేదు.

రెండు పక్షాల వాదన

బంతి పక్షం వాదనలో ప్రధానమైనది భద్రత. రెంచీ పిన్ను గాటులోంచి జారితే మెరుగు పెట్టిన లోహం మీద పొడుగాటి గీత పడుతుంది, లేదా గాటు అంచు నలిగిపోతుంది. నలిగిన గాటులో మళ్లీ పిన్ను నిలవదు, మరుసటిసారి ఇంకా జారుతుంది. బంతి జారితే వచ్చే నష్టం ఏమీ లేదు. పిన్నులను మూత కొలతకు సరిచేసే పని కూడా ఉండదు. ఇక మూత బంతికే లొంగకపోతే, అది మామూలు బిగుతు కాదని తెలుస్తుంది. ఈ సమాచారం చిన్నదేం కాదు. రెంచీ పెట్టేముందు గాట్లలోని మట్టి తీయాలని, కేసును హోల్డర్‌లో గట్టిగా బిగించాలని హెచ్చరిస్తుంది.

రెంచీ పక్షం కూడా బలహీనంగా ఏమీ లేదు. సరైన కొలతకు బిగించిన పిన్నులు, కదలకుండా పట్టిన కేసు ఉంటే రెంచీ జారదు. గీతలకు కారణం రెంచీ కాదు, చేత్తో పట్టుకుని తొందరపడటం అన్నది వాళ్ల మాట. బెర్జాన్ 5700 లాంటి బల్ల మీది ఓపెనర్‌లో పైనుంచి వచ్చే అచ్చు మూత మీద నిటారుగా దిగి, నొక్కి పట్టే ఉంచుతుంది, పక్కకు జారే దారే ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా వాళ్లు చెప్పేది, బంతితో పని కాక వాచీని గంటసేపు గుప్పిట్లో పిసకడం కూడా నష్టమేనని. ఇందులో నిజం ఉంది. 60 న్యూటన్ల ఒత్తిడి మూత దగ్గరే ఆగదు, కేసు గుండా అవతలివైపుకు పోతుంది. వాచీని ముఖం కిందికి పెట్టి అదిమితే, ఉబ్బెత్తు యాక్రిలిక్ అద్దం ఉన్న పాత వాచీలో ఆ బరువంతా అద్దం నడినెత్తిన పడుతుంది. పక్కకు పొడుచుకొచ్చిన కీ మీద వాచీ ఒరిగితే దాని సన్నటి కాడ వంగవచ్చు. కేసును పక్కల నుంచి పట్టే హోల్డర్ ఉంటే, పట్టీ ముందే తీసేసి ఉంటే, ఈ రెండు భయాలూ చాలావరకు పోతాయి.

నూనె వేసి నానబెట్టడం, వేడి చేయడం, మూతకు సూపర్‌గ్లూతో ఒక నట్టు అంటించి స్పానర్‌తో తిప్పడం లాంటి పద్ధతులు కూడా వినిపిస్తుంటాయి. నట్టు పద్ధతి నిజంగానే బలమైనది, గాట్లు పూర్తిగా అరిగిన మూతలకు చివరి దారి. తరవాత అసిటోన్‌తో జిగురు కరిగించాలి, ఆ అసిటోన్ ప్లాస్టిక్ అద్దాన్నీ పూతలనూ తినేస్తుంది. నూనె మరల గుండా లోపలికి పాకి డయల్‌నూ యంత్రాన్నీ పాడుచేయగలదు. వేడి సెల్‌కూ గ్యాస్కెట్‌కూ మంచిది కాదు. వీటితో పోలిస్తే బంతి విఫలమైనా వదిలివెళ్లేది ఏమీ ఉండదు.

దాదాపు ఏమీ ఉండదు అనాలి. కొన్ని జిగట బంతులు మూత మీద సన్నని జిడ్డు మరక వదులుతాయి, అది తుడిస్తే పోతుంది. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు వెండికి తగులుతూ ఉంటే వెండి నల్లబడుతుంది. కాబట్టి వెండి కేసు వాచీనీ బంతినీ ఒకే డబ్బాలో దాచకపోవడం మంచిది. వెనకవైపు యంత్రం కనిపించేలా గాజు అమర్చిన మూతల్లో ఇంకో చిక్కుంది. ఒత్తిడి, మెలి రెండూ ముందుగా గాజు మీద పడతాయి, చుట్టూ ఉన్న సన్నని లోహపు రింగుకు దక్కే పట్టు కొంచెమే. గాజు దాని ప్లాస్టిక్ రింగులో ఏమాత్రం వదులుగా ఉన్నా గాజు తిరుగుతుంది, మూత తిరగదు.

మళ్లీ బిగించేటప్పుడు

తెరవడం గురించి జరిగినంత చర్చ మూయడం గురించి జరగదు, నీళ్ల విషయంలో అసలు ప్రమాదం ఉన్నది మాత్రం అక్కడే. బంతితో మూత బిగించడానికి ఇష్టపడేవాళ్లు చెప్పే కారణం, ఒక హద్దు దాటితే అది జారుతుంది కాబట్టి మరీ ఎక్కువ బిగించడం కుదరదని. మరలు చెడవు, తరవాత తెరిచేవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఎదుటి వాదన: ఆ హద్దు మూత శుభ్రత మీద, బంతి జిగట మీద ఆధారపడి మారుతూ ఉంటుంది కాబట్టి సరిపడా బిగిసిందో లేదో చేతికి తెలియదు. పై లెక్కలో జిడ్డు ఒక్కటే ఫలితాన్ని ఐదు రెట్లు మార్చింది కదా, ఈ అభ్యంతరం సరైనదే.

మూత బిగువు ఒక్కటే నీటిని ఆపదు. గ్యాస్కెట్ గాడిలో మెలితిరగకుండా కూర్చోవాలి, ఎక్కడా పగులు ఉండకూడదు, సిలికాన్ గ్రీజు పలుచగా పూసి ఉండాలి, అంచున ఒక్క నూలు పోగు కూడా ఇరుక్కోకూడదు. మామూలు నీటి నిరోధక వాచీలకు ఐఎస్‌ఓ 22810, డైవర్ వాచీలకు ఐఎస్‌ఓ 6425 అనే ప్రమాణాలు ఉన్నాయి. రెండోదాని ప్రకారం ప్రతి డైవర్ వాచీని విడిగా, రాసిన లోతు కన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి. 200 మీటర్లు అని రాసి ఉంటే 250 మీటర్ల లోతులో ఉండేంత ఒత్తిడి అన్నమాట. ఆ పరీక్ష మూత తెరవకముందు జరిగింది. తెరిచి మూసిన తరవాత ఆ అంకె తనంతట తాను చెల్లదు, బంతితో మూసినా రెంచీతో మూసినా సరే. ఒత్తిడి పరీక్ష యంత్రంలో మళ్లీ పెట్టి చూసేదాకా ఆ వాచీని నీళ్లకు దూరంగా ఉంచాలి.